వాచీకి 1.9 అని రాసుంది, లిమిట్ 1.6 కదా?

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు, సిమ్ వేసుకునే స్మార్ట్‌వాచ్ కొన్నాం. దాంతో వచ్చిన కాగితంలో ఎస్‌ఏఆర్ తల దగ్గర 0.4, మణికట్టు దగ్గర 1.9 అని ఉంది. 1.6 దాటకూడదని ఎక్కడో చదివాను, ఇది దాటేసింది కదా అని భయమేసి వాచీ తీసి దాచేశాను. మావారేమో రోజంతా చెవుల్లో బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తోనే ఉంటారు. ఇవి వాడొచ్చా?

జవాబు: వాడొచ్చమ్మా, మీ వాచీ లిమిట్ దాటలేదు. మీరు చదివిన 1.6 కరెక్టే, కాకపోతే అది మణికట్టుది కాదు, తలకీ ఒంటికీ పెట్టింది. ఎస్‌ఏఆర్ అంటే కిలో కండ ఎన్ని వాట్ల రేడియో శక్తిని పీల్చుకుంటుందో చెప్పే లెక్క. అమెరికాలో ఫోన్లు, రేడియో పరికరాల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ తలకి, ఒంటికి 1.6 పెట్టింది, అదీ ఒక్క గ్రాము కండ మీద సగటు తీసి. చేతులు, మణికట్లు, పాదాలకి మాత్రం 4, పది గ్రాముల మీద సగటు. ఇలాంటి తరంగాలకి హద్దులు సూచించే అంతర్జాతీయ నిపుణుల సంస్థ ఐక్నిర్ప్, యూరప్ వాళ్లు పాటించేది దాని లెక్కే, అందులో తలకి 2, చేతులకి కాళ్లకి 4, రెండూ పది గ్రాముల మీదే. అంటే మీ 1.9ని పోల్చాల్సింది 4తో, 0.4ని పోల్చాల్సింది 1.6తోనో 2తోనో. ఈ ఒక్క ముక్క ఆ కాగితంలోనే రాసుంటే మీకింత కంగారు ఉండేది కాదు, నాకు నిజంగా బాధనిపించేది అక్కడే.

మరి చేతికి ఎందుకు ఎక్కువ ఇచ్చారు అంటే, ఈ తరంగాలు చేసేది ముఖ్యంగా వేడి పుట్టించడం, చేతులు కాళ్లు మామూలుగానే ఒంటికన్నా కాస్త చల్లగా ఉంటాయి, అందుకని కొంచెం ఎక్కువ వేడిని తట్టుకుంటాయి, మెదడు, కళ్లు అలా కాదు. ఆ 4 కూడా హాని మొదలయ్యే అంచున పెట్టింది కాదండి, ఐక్నిర్ప్ చేతులకి కాళ్లకి 40 దగ్గర గీత గీసుకుని, మామూలు జనానికి అందులో పదో వంతుకి దించింది.

టెస్ట్ ఎలా చేస్తారో తెలిస్తే ఇంకా ధైర్యం వస్తుంది. ఒంట్లో కండలాగే తరంగాల్ని పీల్చుకునేలా కలిపిన ద్రవం ఒక తొట్టిలో పోస్తారు, వాచీ వెనక వైపుని ఆ తొట్టికి ఆనించి, ఫుల్ పవర్‌లో సిగ్నల్ పంపేలా పెడతారు. లోపల ఒక రోబో చెయ్యి సన్నటి ప్రోబ్‌ని కొద్దికొద్దిగా జరుపుతూ ఎక్కడ ఎక్కువొస్తుందో వెతుకుతుంది. వాచీ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడతాం కాబట్టి, తల నంబర్ కోసం 10 మిల్లీమీటర్ల దూరంలో ఇంకోసారి కొలుస్తారు. కాగితం మీదున్నది ఆ ఫుల్ పవర్ నంబర్. సిగ్నల్ బాగున్న చోట వాచీ తనంతట తనే పవర్ బాగా తగ్గించుకుంటుంది, సిగ్నల్ సరిగ్గా లేని చోటే పెంచుతుంది. రేడియేషన్ ఆపుతాయని అమ్మే స్టిక్కర్లు కొనకండి, అవి సిగ్నల్‌కి అడ్డం పడితే వాచీ ఇంకా గట్టిగా పనిచెయ్యాల్సొస్తుంది.

మీవారి ఇయర్‌బడ్స్‌కి చిన్న లెక్క చూడండి. పది గ్రాముల కండకి కిలోకి 2 వాట్లు, అంటే ఐక్నిర్ప్ తలకి పెట్టిన లిమిట్, చేరాలంటే 20 మిల్లీవాట్లు కావాలి. మామూలు బ్లూటూత్, క్లాస్ 2 అంటారే, అది పంపేదే మహా అయితే 2.5 మిల్లీవాట్లు, మొత్తం ఒక్క చోటే ఇంకిపోయినా 2కి చాలా దూరం. 4జీ ఫోన్ 200 మిల్లీవాట్ల దాకా పంపగలదు, కాబట్టి ఫోన్ చెవికి ఆనించి మాట్లాడేదానికన్నా బడ్స్‌తో మాట్లాడితేనే తలకి తక్కువ తగులుతుంది. ఆయన జాగ్రత్తగా చూసుకోవాల్సింది సౌండ్, వాల్యూమ్ తగ్గించమనండి.

క్యాన్సర్ సంగతి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాల్ని 2బీ గ్రూపులో పెట్టింది, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు, రుజువు మాత్రం గట్టిగా లేదు అని. అందుకే, నంబర్ లిమిట్ లోపలే ఉన్నా, పాప పడుకునేటప్పుడు వాచీ తీసెయ్యండి అనే నేనంటాను, రాత్రి దానికి పనేం లేదు, చెమటకి పట్టీ కింద చర్మం ఎర్రబడకుండా కూడా ఉంటుంది.

ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే మాత్రం వాచీ, ఇయర్‌బడ్స్ కేసు, ఛార్జర్ ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమనండి, చొక్కా జేబులో అస్సలు వద్దు, అక్కడ ఇబ్బంది ముఖ్యంగా వాటిలో ఉండే అయస్కాంతాలతో.