పాఠకుల ప్రశ్నలు: సొంతంగా కట్టుకున్న లిథియం ప్యాక్, బీఎంఎస్, చార్జర్

ప్రశ్న: అయ్యా, మా లో-స్పీడ్ స్కూటర్‌లోని నాలుగు లెడ్-యాసిడ్ బ్యాటరీలు పాడైపోతే, వాటి స్థానంలో 13ఎస్ 4పీ (నాలుగేసి సెల్స్‌ను సమాంతరంగా కలిపిన 13 గ్రూపులు వరుసగా) లిథియం అయాన్ ప్యాక్‌ను నేనే కట్టి బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ బోర్డు) బిగించాను. పాత చార్జర్ మీద కూడా 48 వోల్టులనే రాసి ఉంది. చార్జింగ్ ఎక్కువైతే బీఎంఎస్ ఎలాగూ ఆపేస్తుంది కదా, మళ్లీ కొత్త చార్జర్ కొనడం ఎందుకు? (తెనాలి పాఠకుడు)

జవాబు: కొనవలసిందే. 48 అన్నది పిలుచుకోవడానికి పెట్టుకున్న అంకె మాత్రమే. చార్జర్ ఎన్ని వోల్టుల దాకా తీసుకువెళ్లి ఆగుతుందన్నదే అసలు లెక్క. లెడ్-యాసిడ్ బ్యాటరీ ఒక్కొక్కదానికి 14.4 వోల్టుల చొప్పున మీ పాత చార్జర్ 57.6 వోల్టుల దాకా వెళుతుంది, కొన్ని రకాలు ఇంకాస్త పైకి కూడా పోతాయి. లిథియం అయాన్ సెల్‌కు 4.2 వోల్టులు హద్దు కనుక 13 సిరీస్‌లకు 54.6 వోల్టులకు మించకూడదు. ఆ 57.6ను 13తో భాగించి చూడండి, ఒక్కో సెల్ మీద 4.43 వోల్టులు పడుతున్నాయి.

బీఎంఎస్ ఆపుతుందన్న మాట నిజమే. ఏ ఒక్క గ్రూపు 4.25 వోల్టుల ప్రాంతానికి చేరినా బోర్డు మీది మాస్‌ఫెట్‌లు (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) చార్జింగ్‌ను తెంచేస్తాయి. అయితే అది ఆపదలో అక్కరకు రావలసిన ఏర్పాటే తప్ప రోజూ చేయించుకోవలసిన పని కాదు. మాస్‌ఫెట్ కాలిపోయినప్పుడు చాలా సందర్భాలలో సర్క్యూట్ తెగిపోదు, షార్ట్ అయి ఆన్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు స్కూటర్ ఎప్పటిలాగే నడుస్తుంది, చార్జింగ్ కూడా ఎక్కుతుంది, మీకు అనుమానం రావడానికి ఏ ఆధారమూ ఉండదు. ప్యాక్‌కు కాపలా మాత్రం పోయి ఉంటుంది. విద్యుత్ ద్విచక్ర వాహనాలకు వర్తించే ఏఐఎస్-156 ప్రమాణానికి 2022లో చేసిన సవరణల్లో సెల్స్‌తో పాటు బీఎంఎస్‌ను, వాహనంలో అమర్చే చార్జర్‌ను కూడా ప్రస్తావించి భద్రతా నిబంధనలు చేర్చారు. ఇంట్లో కట్టిన ప్యాక్‌ను ఎవరూ అలా పరీక్షించి ఇవ్వరు కనుక ఆ జాగ్రత్త మనమే పడాలి.

కాబట్టి 54.6 వోల్టుల సీసీ-సీవీ చార్జర్ తీసుకోండి. ఇది మొదట స్థిరమైన కరెంటు ఇచ్చి, 54.6కు చేరాక వోల్టేజిని అక్కడే నిలిపి కరెంటును తగ్గించుకుంటూ వస్తుంది. మీ ప్యాక్ సుమారు 10 ఆంపియర్-అవర్లదైతే 2 లేదా 3 ఆంపియర్ల చార్జర్ చాలు. కొత్తదే కదా అని నమ్మకుండా, ప్యాక్‌కు తగిలించే ముందు దాని వోల్టేజిని మల్టీమీటర్‌తో ఒకసారి చూసుకోండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌తో కట్టిన 16 సిరీస్ ప్యాక్‌ల చార్జర్ 58.4 వోల్టులది, అది దొరికింది కదా అని దీనికి వాడితే మళ్లీ మొదటికే వస్తుంది.

ప్రశ్న: నా 13ఎస్ ప్యాక్‌లో చార్జింగ్ పూర్తయ్యాక పన్నెండు గ్రూపులు 4.18 వోల్టుల దగ్గర ఉంటే ఒక్కటి మాత్రం 4.05 దగ్గరే ఉంటోంది. బీఎంఎస్‌లో బ్యాలెన్సింగ్ ఉందని చెప్పే అమ్మారు. బోర్డు పాడైందనుకోవాలా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: ఆ ఒక్క కారణంతో బోర్డును అనుమానించలేం. తక్కువ ధర బోర్డులలో ఉండేది పాసివ్ బ్యాలెన్సింగ్. అది తక్కువగా ఉన్న గ్రూపుకు కరెంటు ఎక్కించదు, ఎక్కువగా ఉన్న వాటి నుంచి చిన్న రెసిస్టర్ ద్వారా కరెంటును వేడి రూపంలో ఖర్చు చేస్తుంది. ఆ కరెంటు చాలా బోర్డులలో 50 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కలే ఉంటుంది. మీ తేడా సామర్థ్యంలో పదో వంతు, అంటే 1 ఆంపియర్-అవర్ అనుకుంటే, సమం కావడానికి 20 గంటలు పడుతుంది. పైగా చాలా బోర్డులలో ఈ పని గ్రూపు 4.2 వోల్టులకు దగ్గరయ్యాకే మొదలవుతుంది. పచ్చ లైటు వెలగగానే ప్లగ్ పీకేసే ఇంట్లో బ్యాలెన్సింగ్ ఏనాటికీ పూర్తి కాదు.

అన్ని గంటలు కూర్చోవడం కన్నా, బెంచ్ పవర్ సప్లయ్‌ను 4.2 వోల్టులకు, 1 ఆంపియర్‌కు సరిచేసి, ఆ గ్రూపు నికెల్ స్ట్రిప్‌లకే క్లిప్పులు పెట్టి, ప్లస్-మైనస్ రెండుసార్లు సరిచూసుకుని, దగ్గరే ఉండి, దానిని మిగతా వాటితో సమం చేయండి. తర్వాత రెండు వారాలు గమనించండి. మళ్లీ అదే వెనకబడితే అందులో ఏదో ఒక సెల్ తనంతట తానే డిశ్చార్జ్ అవుతున్నదన్నమాట. పాత ల్యాప్‌టాప్ ప్యాక్‌ల నుంచి తీసిన సెల్స్‌లో ఇది తరచుగా కనిపిస్తుంది. అప్పుడు ఆ గ్రూపును మార్చడమే తప్ప బోర్డు మీద బోర్డు మార్చి ప్రయోజనం లేదు.

ప్రశ్న: బ్యాలెన్స్ వైర్ల కనెక్టర్ పెట్టగానే బీఎంఎస్ నుంచి పొగ వచ్చింది. ఎక్కడ తప్పు చేశాను? (నెల్లూరు పాఠకుడు)

జవాబు: రెండు వైర్లు తారుమారై ఉంటాయి. 13ఎస్ బోర్డుకు 14 వైర్లు ఉంటాయి. కనెక్టర్‌ను బోర్డులో పెట్టక ముందే మల్టీమీటర్ నల్ల ప్రోబ్‌ను ప్యాక్ మైనస్ మీద ఉంచి, ఎర్ర ప్రోబ్‌ను పిన్ను తర్వాత పిన్నుకు జరుపుతూ చూడండి. మొదట సున్నా, ఆ తర్వాత ప్రతి పిన్నుకూ ఒక సెల్ వోల్టేజి చొప్పున పెరుగుతూ పోవాలి. ఎక్కడ గెంతినా, వెనక్కి తగ్గినా అక్కడే తప్పుంది. మొదట బీ-మైనస్ (ప్యాక్ మైనస్‌కు వెళ్లే) లావు వైరును అతికించి, ఆ తర్వాతే కనెక్టర్‌ను పెట్టాలి. విప్పేటప్పుడు కనెక్టర్‌ను ముందు తీయాలి.

ప్రశ్న: ఎండాకాలంలో చార్జింగ్ ఎప్పుడు పెట్టాలి? (రామగుండం పాఠకుడు)

జవాబు: చాలా లిథియం అయాన్ సెల్స్‌కు చార్జింగ్ సమయంలో 45 డిగ్రీలు పై హద్దు. మే నెలలో మీ ఊళ్లో గాలి వేడే దాని దగ్గరకు వస్తుంది, ఇక ఎండలో నడిచి వచ్చిన ప్యాక్ సంగతి చెప్పనక్కరలేదు. బండి నీడలో పెట్టి గంటయినా చల్లారనిచ్చి, వీలైతే తెల్లవారుజామున, మీరు మేలుకుని ఉండగా పెట్టండి. బీఎంఎస్‌తో వచ్చిన థర్మిస్టర్ (వేడిని పసిగట్టే సెన్సర్) వైరును ప్యాక్ బయట వేలాడదీయకుండా నడిమి సెల్స్‌కు ఆనించి అతికించండి, ఎందుకంటే వేడి ఎక్కువగా నిలిచిపోయేది అక్కడే.