డెల్టా పట్టణాల్లో మున్సిపల్ షాపింగ్ కాంప్లెక్సులు ఏళ్ల తరబడి ఎందుకు పూర్తికావు?

పాత దుకాణాలను కూల్చిన చోట పిల్లర్లు మాత్రమే లేచి ఆగిపోతే నిధుల కొరతే కారణమనుకుంటాం గాని, గోదావరి డెల్టాలో చాలాసార్లు చిక్కు నేలలోనే మొదలవుతుంది. భీమవరం, పాలకొల్లు, అమలాపురం వంటి పట్టణాలు ఒండ్రునేల మీద వెలిశాయి. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే ఈ బంకమట్టిలో కొద్ది అడుగులు తవ్వగానే నీరు ఊరుతుంది కనుక, రెండు మూడు అంతస్తుల భవనానికి కూడా పైల్ పునాది (నేలలో లోతుగా దించే స్తంభాల పునాది) అవసరం కావచ్చు. మట్టి పరీక్ష సరిగా చేయించకుండా మామూలు పునాదికి లెక్కగట్టి టెండరు పిలిస్తే, పని మొదలయ్యాక అంచనాలు సవరించి మళ్లీ అనుమతులు తెచ్చుకోవాలి. ఈలోగా ఇనుము, సిమెంటు ధరలు పెరిగి, పాత రేట్లకు కాంట్రాక్టరు ముందుకు రాడు. పిల్లర్ల పైన వదిలేసిన ఊచలు వానలకు తుప్పు పడతాయి.

స్థలం పంటకాలువ గట్టుదైతే జలవనరుల శాఖ అనుమతి కూడా కావాలి.

అన్నిటికన్నా బాధాకరమైనది పాత అద్దెదారుల సంగతి. కొత్త గదులను వేలం వేస్తామని మున్సిపాలిటీ, తమకే ఇవ్వాలని వ్యాపారులు పట్టుబట్టడంతో వ్యవహారం కోర్టుకెక్కి, స్టే వస్తే పని ఆగిపోతుంది. చోటు మారితే ఏళ్లుగా అలవాటైన బేరాలు పోతాయన్న వారి భయం న్యాయమైనదే. అందుకే తాత్కాలిక షెడ్లు ఎక్కడో, తిరిగి కేటాయింపు ఎలాగో కూల్చకముందే రాతపూర్వకంగా తేల్చాలి.

మీ ఊరి పని ఎక్కడ ఆగిందో తెలియాలంటే మట్టి పరీక్ష నివేదిక, సవరించిన అంచనా, కోర్టు ఉత్తర్వుల ప్రతులను సమాచార హక్కు చట్టం, 2005 కింద మున్సిపల్ కార్యాలయంలో అడగండి; సాధారణంగా 30 రోజుల్లోగా జవాబివ్వాలి.