మగ్గం చప్పుడుకి నిద్రపోతాడు, కుక్కర్ విజిల్‌కి వణికిపోతాడు

ప్రశ్న: అక్కా నమస్తే, మాది బరంపురం, ఇంట్లో తెలుగు బయట ఒడియా. బాబుకి ఐదున్నరేళ్ళు. కుక్కర్ విజిల్ వేస్తే చాలు చెవులు మూసుకుని మంచం కింద దూరీస్తాడు, మిక్సీ ఆన్ చేస్తే ఏడుపు, కటింగ్‌కి తీసుకెళ్తే ఇద్దరం గట్టిగా పట్టుకోవాలి, స్కూల్ చొక్కా మెడ దగ్గర గుచ్చుకుంటుందని రోజూ పేచీ. తినేది ఉత్తన్నం, పెరుగన్నం, బిస్కెట్లు, పప్పు కలిపితే డోకుతాడు. చిత్రం ఏంటంటే మా మామయ్యగారు పట్టు నేస్తారు, పొద్దున్నుంచీ మగ్గం టకటకలాడుతూనే ఉంటుంది, వీడు దాని పక్కనే చాపేసుకుని హాయిగా పడుకుంటాడు. అందుకే మా ఆయన "చెవులు బానే ఉన్నాయి, అంతా నాటకం" అంటారు. అత్తమ్మ నా గారాబమే అంటారు, దిష్టి కూడా తీయించారు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పోయినసారి ఘటాలు మా వీధికి వచ్చినప్పుడు భయం పోవాలని ఎత్తుకుని డప్పుల ముందు నిలబెట్టారు, ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకున్నాడు. ఇది సెన్సరీ ప్రాసెసింగ్ సమస్య అని ఎవరో అన్నారు. జబ్బా అక్కా? నేనే పాడుచేస్తున్నానా?

జవాబు: నువ్వేం పాడుచెయ్యలేదమ్మా. మీ ఇంట్లో ఈ మాట నీకు ఎవరూ చెప్పినట్టు లేరు, అందుకే ముందు నేను చెప్తున్నా.

మీ ఆయన సాక్ష్యంగా చూపిస్తున్న ఆ మగ్గం దగ్గరే మొదలెడదాం. మగ్గం చప్పుడు ఒకే లయలో పోతుంది, తాత కాలు తొక్కడం, చెయ్యి లాగడం వాడి కళ్ళ ముందే జరుగుతుంది, తర్వాత చప్పుడు ఎప్పుడొస్తుందో వాడికి ముందే తెలుసు. కుక్కర్ అలా కాదు కదా, ఎప్పుడు కూస్తుందో పెద్దవాళ్ళం మనకే తెలీదు. యాత్ర డప్పులు, పులి వేషాలు కూడా అంతే, ఏ సందులోంచి వచ్చి మీద పడతాయో తెలీదు. కొందరు పిల్లల మెదడు చప్పుడుని, తాకిడిని, వాసనని మనకంటే ఎక్కువగా తీసుకుంటుంది, అందులోనూ చెప్పకుండా వచ్చిపడేదాన్ని అస్సలు తట్టుకోలేదు. కాబట్టి నాటకం కాదు, మీ ఆయనకి కోపం లేకుండా మగ్గం సంగతే ఇలా విడమర్చి చెప్పు, నేసే ఇంట్లో పెరిగిన మనిషి, లయ అంటే తెలుసు.

జబ్బా అన్నావు. అమెరికాలో జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్, అంటే రోజువారీ పనులు చేసుకోవడానికి సాయపడే చికిత్స చేసేవారు, 1960లు, 70ల్లో ఈ సెన్సరీ ప్రాసెసింగ్ ఆలోచన తెచ్చారు. కానీ 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే సైకియాట్రీ డాక్టర్లు వాడే జబ్బుల పుస్తకంలో, ఇది విడిగా ఒక జబ్బుగా లేదు, ఆటిజం లక్షణాల్లో ఒకటిగా ఉంది. అలాగని ఇలా ఉన్న ప్రతి పిల్లాడికీ ఆటిజం అని కాదు. పేరు పిలిస్తే తిరుగుతాడా, నువ్వు వేలు చూపిస్తే అటు చూస్తాడా, తోటి పిల్లలతో ఆడతాడా, మాటలు వయసుకి తగ్గట్టున్నాయా, ఇవేవీ రాయలేదు నువ్వు. ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించి వినికిడి పరీక్ష చేయించు, ఎదుగుదల కూడా చూడమను. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద పద్దెనిమిదేళ్ళ వరకూ పిల్లలకి ఉచితంగా చూస్తారు, దానికి జిల్లాల్లో డీఈఐసీ అనే సెంటర్లు, అంటే పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా పట్టుకుని చూసే చోట్లు, ఉంటాయి, అంగన్‌వాడీ దీదీనో ఆశానో అడిగితే దారి చెప్తారు. మీ ఊళ్ళోనే ఎంకేసీజీ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. ఆక్యుపేషనల్ థెరపీ కావాలంటే కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ స్వామి వివేకానంద ఇన్‌స్టిట్యూట్ ఉంది. పరీక్ష చెయ్యకుండానే ఇన్ని నెలల ప్యాకేజీ కట్టండి అనేవాళ్ళ దగ్గర మాత్రం ఆగు.

ఈలోపు ఇంట్లో చెయ్యాల్సింది చాలా ఉంది, అన్నిటికీ ఒకటే సూత్రం, వాడికి ముందే తెలియాలి, ఆపే అధికారం కొంచెం వాడి చేతిలో ఉండాలి. కుక్కర్ పెట్టేముందు "నాన్నా, మూడు విజిల్స్" అని చెప్పి తాత దగ్గరికి పంపించు, అక్కడ కూర్చుని లెక్కపెట్టమను. మిక్సీ స్విచ్ వాడినే వెయ్యమను, వాడే ఆపేస్తాడు. చెవులకి పెట్టుకునే మఫ్ కొనొచ్చు గానీ రోజంతా వద్దు, అలవాటైతే చిన్న చప్పుడు కూడా పెద్దగా వినిపించడం మొదలవుతుంది.

కటింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తా ఎందుకంటే మా పెద్దాడికి నాలుగేళ్ళు పాటు ఇదే యుద్ధం, ఇద్దరం పట్టుకుని చేయించిన ప్రతిసారీ తర్వాతిసారి ఇంకా కష్టమైంది, ఆ పట్టుకోవడం తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మెల్లగా రాసే చెయ్యి ఇలాంటి పిల్లలకి చక్కిలిగింతలా, పురుగు పాకినట్టు ఉంటుంది, గట్టిగా నొక్కే చెయ్యి అయితే నెమ్మదిస్తారు. అందుకని ముందు తలకి నూనె పెట్టి బాగా మర్దన చెయ్యి, మిషన్ వద్దు, కత్తెరే. సెలూన్‌లో రద్దీ లేని మధ్యాహ్నం పూట వెళ్ళు, లేదంటే మంగలాయన్ని ఇంటికే పిలిపించు. పది లెక్కపెట్టి ఆగాలి, వాడు చెయ్యెత్తితే ఆగాలి. ఒక రోజులో సగమే అయితే సగమే, మిగతాది రేపు. వంకరగా ఉంటే ఉండనీ.

చొక్కా లేబుల్ కుట్టు వరకూ విప్పి తీసీ, కొత్త యూనిఫాం నాలుగైదు సార్లు ఉతికాక వెయ్యి, లోపల మెత్తటి పాత బనియన్ తిరగేసి వేస్తే కుట్లు ఒంటికి తగలవు. బడికి వెళ్ళేముందు, వచ్చాక బరువు పని ఇవ్వు, చిన్న బకెట్‌తో నీళ్ళు మొయ్యడం, చపాతీ పిండి పిసకడం, గోడని తొయ్యడం, ఉయ్యాల. కీళ్ళకి కండరాలకి పని పడితే ఒళ్ళు నెమ్మదిస్తుంది. తిండి విషయంలో నోట్లో కుక్కడం ఇవాళే మానెయ్యండి. వాడి పెరుగన్నం పక్కన వేరే గిన్నెలో చెంచాడు పప్పు, తినకపోయినా పర్లేదు, రోజూ కనపడాలి. బరువు పెరగకపోతే డాక్టర్‌తో ఆ మాట కూడా చెప్పు. టీచర్‌కి ఒడియాలో నాలుగు ముక్కలు రాసివ్వు, బెల్ దగ్గర కాకుండా వేరే చోట కూర్చోబెట్టమని, చెవులు మూసుకుంటే తిట్టొద్దని.

అత్తమ్మ దిష్టి తీస్తే తియ్యనీ, దాంతో గొడవొద్దు. కానీ రెండేళ్ళకోసారి వచ్చే యాత్రకి మళ్ళీ డప్పుల ముందు నిలబెడతానంటే మాత్రం ఒప్పుకోకు, భయం అలా పోదు, పెరుగుతుంది. ఘటాలు మీ వీధికి ఏ రోజు ఏ టైంకి వస్తాయో ముందే కనుక్కో, పగలు వాడిని తీసుకెళ్ళి ఖాళీ వీధి చూపించి "రాత్రి ఇక్కణ్ణించి వస్తాయి, ఇటు పోతాయి" అని చెప్పు, పోయినసారి యాత్ర వీడియో సౌండ్ తగ్గించి చూపించు. ఆ రాత్రి మేడ మీద తాత ఒళ్ళో కూర్చుని, చెవులు మూసుకునే చూడనీ. లోపలికి పోదామంటే వెంటనే తీసుకెళ్ళిపో.