శిలాజం రాయా, రాతిలోదా?

సందేహం: మా అన్నయ్య రాజమండ్రి దగ్గర కాటేరు నుంచి గుల్లలు పొదిగిన రాయొకటి తెచ్చిచ్చాడు. బళ్లో పిల్లలకు చూపిస్తూ ‘శిలాజ శిల’ అన్నాను. ‘శిలాజంలో శిల ఉండనే ఉంది, మళ్లీ శిల ఎందుకండీ? శిలాజం అంటే చాలు’ అన్నారు మా తెలుగు మాస్టారు. ఏది ఒప్పు?
– ఒక ఉపాధ్యాయిని, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: పునరుక్తి లేదమ్మా. ‘పంకజం’ అనగానే బురదలో పుట్టిన నాచు ఎవరికీ గుర్తురాదు, తామరే గుర్తొస్తుంది. శిలాజమూ అలా రూఢికెక్కిన మాటే; దానికర్థం జీవి అవశేషం, లేదా ఆనవాలు. మీ రాతిలోని నత్త రాతిలో పుట్టిందా ఏమన్నా? నీళ్లలో బతికి, చచ్చి, సున్నపు బురద కింద పూడి, ఆ బురద గట్టిపడ్డాక గుల్లగా మిగిలింది. వ్యుత్పత్తినే పట్టుకు వేలాడితే అసలు మాటే తప్పవుతుంది! మాస్టారిలా రాయంతటినీ శిలాజం అనడమే పొరపాటు. గుల్ల శిలాజం, చుట్టూ ఉన్నది సున్నపురాయి.

అలాగని ‘శిలాజ శిల’ నాకు నచ్చిందని కాదు. శిలాజ ఇంధనం అంటే జీవుల అవశేషాల నుంచి ఏర్పడిన ఇంధనం. ఆ లెక్కన శిలాజ శిల అంటే శిలాజాలతోనే ఏర్పడిన రాయా, అక్కడక్కడ శిలాజాలున్న రాయా? తేలదు. ‘శిలాజాలున్న సున్నపురాయి’ అనండి, హాయిగా ఉంటుంది. గుల్లలు సందు లేకుండా కిక్కిరిసి ఉంటేనే ‘శిలాజమయం’. ‘మయ’ ప్రత్యయం సమృద్ధిని చెబుతుంది కదా. భూతద్దం పెట్టి చూస్తే మీ రాయి ఏ కోవదో తెలిసిపోతుంది. కాటేరు, పంగిడి వైపు సున్నపురాయి లావా పొరల నడుమ చిక్కుకున్నది, వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు.

ఎలాగూ విశాఖ వారు కనుక మరో మాట. నీరో గాలో తెచ్చి పోసిన ఇసుక, మట్టి అవక్షేపం; అది గట్టిపడి రాయైతేనే అవక్షేప శిల. రెండూ వేరు. భీమిలి ఎర్రమట్టి దిబ్బలది ఇంకా రాయిగా బిగుసుకోని ఇసుక. వాటిని శిలలు అనకూడదు. సింహాచలం కొండరాతి చారలు చూసి పిల్లలు పొరలనుకుంటారు. అది ఖొండలైట్, రూపాంతర శిల. లోతున వేడికీ ఒత్తిడికీ మళ్లీ స్ఫటికాలు కట్టిన ఆ రాతిలో గుల్లల కోసం వెతకడం దండగ.

ఇక నాపరాతి మీద చెట్టుకొమ్మల్లాంటి నల్లగీతలు కనిపిస్తే ‘ఆకు శిలాజం’ అని రాయించకండి. పగులులోకి ఇంకిన నీటి వెంట వచ్చిన మాంగనీసు పేరుకోగా ఏర్పడ్డ గీతలవి, మొక్క ఊసే లేదు. వాటిని డెండ్రైట్లు అంటారు. తెలుగులో కొత్త మాట కట్టే తొందరేమీ నాకు లేదు.