అసలు వచ్చేసినా బాకీ తీరలేదు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

3వ తేదీన వేరే బ్యాంకు ఏటీఎంలో పదివేలకు నొక్కావు. నోట్లు రాలేదు, ఖాతాలో మాత్రం పదివేలు తెగాయి. 25వ తేదీన మళ్లీ జమయ్యాయి. బ్రాంచికి వెళ్లి అడిగితే "డబ్బు వచ్చేసింది కదమ్మా, ఇంకేముంది" అన్నారని రాశావు. ఇంకా ఉంది. బ్యాంకు నీకు 1,700 రూపాయలు బాకీ పడింది. అది వాళ్లు దయతలచి ఇచ్చేది కాదు. నిజానికి నువ్వు అడగాల్సిన అవసరం కూడా ఉండకూడదు.

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 15న అమల్లోకి వచ్చింది. మధ్యలో ఆగిపోయిన లావాదేవీ సొమ్ము ఎన్ని రోజుల్లో వెనక్కి రావాలో, రాకపోతే బ్యాంకు రోజుకెంత కట్టుకోవాలో అందులో ఉంది. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తెగితే, లావాదేవీ జరిగిన రోజు కాక మరో ఐదు రోజుల్లోగా సొమ్ము తిరిగి పడాలి. ఆ గడువు దాటిన ప్రతి రోజుకూ 100 రూపాయలు ఖాతాదారుకి చెందుతాయి. ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా ఆ పరిహారాన్ని బ్యాంకు తనంతట తానే జమ చెయ్యాలని కూడా అందులోనే ఉంది. ఇది తెలియక చాలామంది అసలు చేతికి రాగానే హమ్మయ్య అనుకుని వదిలేస్తారు. నువ్వు వదలకు.

ముందు లెక్క సరిగ్గా వెయ్యాలి. దీన్ని "టి ప్లస్ 5" అంటారు. టి అంటే లావాదేవీ జరిగిన తేదీ. నీ విషయంలో అది 3. దానికి ఐదు కలిపితే 8. 8వ తేదీ ముగిసేదాకా బ్యాంకుకి గడువుంది, 9 నుంచి ఆలస్యం మొదలు. 9 నుంచి 25 వరకు లెక్కపెడితే 17 రోజులు. అంటే 1,700. ఇవి క్యాలెండర్ రోజులు. మధ్యలో ఆదివారాలొచ్చాయి, పండగ సెలవొచ్చింది అని ఎవరైనా తగ్గించబోతే ఒప్పుకోవద్దు. ఇంకో మాట. ఈ వంద రూపాయలకీ తెగిన మొత్తానికీ సంబంధం లేదు. పదివేలు ఇరుక్కున్నా, అయిదు వందలు ఇరుక్కున్నా రోజుకి వందే. అయిదు వందల కోసం ఎవరు తిరుగుతారులే అని ఊరుకున్నవాళ్లు, అది నలభై రోజులకి వెనక్కి వచ్చి ఉంటే, మూడువేల అయిదు వందలు పోగొట్టుకున్నట్టే.

అన్నిటికీ అయిదు రోజులే అనుకోకు. యూపీఐలో గానీ ఖాతాకి వెంటనే డబ్బు చేరవేసే ఐఎంపీఎస్‌లో గానీ ఒక మనిషికి పంపిన డబ్బు నీ ఖాతాలో తెగి, అవతలివాళ్లకి చేరకపోతే గడువు ఒక్క రోజే, టి ప్లస్ 1. కార్డు నుంచి కార్డుకి పంపినా అంతే. యూపీఐతో దుకాణంలో కట్టినప్పుడు, కార్డు గీకినప్పుడు, ఆన్‌లైన్‌లో కార్డుతో కొన్నప్పుడు నీకు డబ్బు తెగి, దుకాణదారుకి నిర్ధారణ రాకపోతే టి ప్లస్ 5. వాయిదాలకీ, చిట్టీలకీ ఖాతాలోంచి నేరుగా తెగేలా ఇచ్చిన మ్యాండేట్‌ని నువ్వు రద్దు చేశాక కూడా డబ్బు తెగితే, దానికి నీ బ్యాంకే జవాబుదారీ. అక్కడ గడువు టి ప్లస్ 1. ఆలస్యానికి వీటన్నిటిలోనూ రోజుకి వందే.

ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకి డబ్బు పంపే నెఫ్ట్, ఆర్టీజీఎస్ పద్ధతుల దారి వేరు. నెఫ్ట్‌లో పంపిన సొమ్ములన్నీ అరగంటకో విడతగా, అంటే బ్యాచ్‌గా, కదులుతాయి. ఆ బ్యాచ్ సెటిల్ అయిన రెండు గంటల్లోపు అవతలి ఖాతాలో జమ కావాలి, లేదా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకి వంద కాదు, ఆ సొమ్ము మీద వడ్డీ కట్టాలి. రిజర్వు బ్యాంకు రెపో రేటుకి (బ్యాంకులకి అది ఇచ్చే అప్పు మీద వడ్డీ రేటు) రెండు శాతం కలిపి లెక్క వేస్తారు. ఉదాహరణకి రెపో 6 శాతం అనుకుందాం. రెండు లక్షలు పది రోజులు ఆగిపోతే 8 శాతం చొప్పున సుమారు 438 రూపాయలు వస్తాయి. అడిగేటప్పుడు ఆ రోజున్న రెపో రేటు చూసుకుని వెయ్యి.

ఏది దీని కిందికి రాదో కూడా తెలిసుండాలి, లేకపోతే అనవసరంగా తిరుగుతావు. నీ తప్పేమీ లేకుండా మధ్యలో ఆగిపోయిన లావాదేవీకే ఈ పరిహారం. లైను తెగిపోవడం, మిషన్‌లో నోట్లు లేకపోవడం, సమయం మించిపోయి సెషన్ ఆగిపోవడం లాంటివన్నమాట. డబ్బు దుకాణదారుకి చేరి, అతను సరుకు పంపకపోతే అది అతనితో తేల్చుకోవాల్సిన తగాదా. యూపీఐలో "పెండింగ్" అని చూపించగానే కంగారుపడి రెండోసారి కట్టేస్తే, ఆనక మొదటిదీ చేరితే, ఎక్కువ వెళ్లిన సొమ్ము దుకాణదారు దగ్గర ఉంటుంది, అతన్నే అడగాలి. అందుకే పెండింగ్ తేలేదాకా మళ్లీ నొక్కకూడదు.

నువ్వే ఒక అంకె తప్పు కొట్టి ఇంకెవరి ఖాతాకో పంపితే అది కూడా ఆగిపోయిన లావాదేవీ కాదు, పూర్తయిన లావాదేవీ. జమ చేసేటప్పుడు బ్యాంకు చూసేది ఖాతా నంబరునే, పేరుని కాదు. వెంటనే నీ బ్యాంకుకి రాతపూర్వకంగా చెబితే వాళ్లు అవతలి బ్యాంకు ద్వారా ఆ మనిషిని సంప్రదిస్తారు. అతను ఒప్పుకుంటేనే వెనక్కి వస్తుంది. ఒప్పుకోకపోతే అతనికి నోటీసు ఇవ్వాలి. పొరపాటున అందిన సొమ్ము తిరిగి ఇచ్చి తీరాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతుంది.

ఇక ఆధారాలు. మొట్టమొదట స్టేట్‌మెంట్ తీసి, 25వ తేదీకీ ఇవాళ్టికీ మధ్య వందల్లో ఏదైనా చిన్న మొత్తం జమైందేమో చూడు. కొన్నిసార్లు పరిహారం వేరే పద్దుగా పడుతుంది, లేదా తక్కువ రోజులకి లెక్క కట్టి వేస్తారు. పడకపోతే, 3 నుంచి 25 దాకా స్టేట్‌మెంట్‌ని బ్యాంకు యాప్ నుంచే పీడీఎఫ్‌గా దించుకో. డబ్బు తెగిన పద్దూ, తిరిగి పడిన పద్దూ రెండూ ఒకే కాగితం మీద కనిపిస్తే వాదనకి తావుండదు. లావాదేవీ రిఫరెన్స్ నంబరు రాసిపెట్టు, ఇది 12 అంకెల్లో ఉంటుంది. ఏటీఎం నంబరు స్లిప్పు మీద ఉంటుంది. స్లిప్పు లేకపోతే ఆ మిషన్ మీద అంటించి ఉంటుంది, వెళ్లి ఫొటో తీసుకో. మెసేజ్‌లు ఎప్పుడో పొరపాటున చెరిగిపోతాయి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టు.

ఫిర్యాదు ఎవరికి? మిషన్ ఎవరిదైనా, కార్డు ఇచ్చిన బ్యాంకుకే. "అది మా ఏటీఎం కాదు, వాళ్ల దగ్గరికి వెళ్లండి" అంటే కదలకు. ఆ రెండు బ్యాంకుల లెక్క వాళ్లు వాళ్లు చూసుకుంటారు. యూపీఐ అయితే యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి అక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు. కానీ అదే రోజు ఖాతా ఉన్న బ్యాంకుకి కూడా రాయి. తర్వాత పై మెట్టు ఎక్కాలంటే బ్యాంకుకి ఏ రోజు చెప్పావన్నదే లెక్కకి వస్తుంది.

ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. బ్యాంకు వెబ్‌సైట్లోని ఫిర్యాదుల పేజీలో పెట్టి నంబరు తీసుకో. లేదా బ్రాంచిలో రెండు ప్రతులు ఇచ్చి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకో. ఉత్తరం పొడుగ్గా ఉండకూడదు. ఇలా రాస్తే చాలు:

"ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఏటీఎం నంబరు ఫలానాలో రూ.10,000 తీయబోగా నోట్లు రాలేదు, ఖాతాలో డెబిట్ అయింది. రిఫరెన్స్ నంబరు ఇది. సొమ్ము 25వ తేదీన తిరిగి జమ అయింది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులర్ డీపీఎస్ఎస్.సీఓ.పీడీ నం.629/02.01.014/2019-20 ప్రకారం గడువు 8వ తేదీతో ముగిసింది. 17 రోజుల ఆలస్యానికి రోజుకు రూ.100 చొప్పున రూ.1,700 నా ఖాతాలో జమ చేయగలరు. చెల్లించనక్కర్లేదని మీరు భావిస్తే, ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా తెలుపగలరు."

ఆ చివరి వాక్యం తప్పక ఉండాలి. "మీ సమస్య పరిష్కారమైంది" అని ఒక ముక్క పంపి ఫిర్యాదు మూసేయడం వాళ్లకి అలవాటు. నియమం అడిగితే అలా మూయడం కష్టం. కోపం, బెదిరింపు, పడిన అగచాట్ల వర్ణన అందులో పెట్టకు. చదివే గుమస్తాకి కావాల్సింది తేదీలూ నంబర్లూ. ఖాతా నంబరు ఇవ్వొచ్చు, కార్డువి చివరి నాలుగు అంకెలు చాలు. పిన్, సీవీవీ, ఓటీపీ ఏ ఫిర్యాదులోనూ రాయనక్కర్లేదు.

నీకు అసలైనా వచ్చింది. రానివాళ్లకి వచ్చే జవాబు ఇంకోలా ఉంటుంది: "మా విచారణలో లావాదేవీ విజయవంతమైనట్టు తేలింది." మిషన్ లాగ్‌లో విజయవంతం అని నమోదైతే ఈ జవాబు పంపేస్తారు. అప్పుడు మూడు అడగాలి. ఆ లావాదేవీకి మిషన్ రాసుకున్న ఎలక్ట్రానిక్ జర్నల్ ప్రతి ఒకటి. ఆ రోజు మిషన్‌లో నగదు లెక్క సరిపోయిందా, ఎక్కువ తేలిందా అన్న నివేదిక రెండోది. సీసీటీవీ దృశ్యం మూడోది. లాగ్‌లో విజయవంతం అని ఉన్నా నోట్లు లోపలే ఇరుక్కుపోయి ఉంటే నగదు లెక్కలో ఆ మొత్తం ఎక్కువ తేలుతుంది. అసలు విషయం తేల్చేది అదే. సీసీటీవీ దృశ్యాలు కలకాలం ఉంచరు కాబట్టి, భద్రపరచమని మొదటి ఉత్తరంలోనే రాయాలి. పదివేలకి నొక్కితే ఆరువేలే వచ్చినా ఇదే దారి. ఎన్ని నోట్లు వచ్చాయో, ఎంత తక్కువ వచ్చిందో స్పష్టంగా రాయాలి.

బ్యాంకుకి 30 రోజులు ఇవ్వు. ఈలోగా బ్రాంచి నుంచి సరైన జవాబు రాకపోతే, వెబ్‌సైట్లో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి మెయిల్ ఉంటుంది, అదే ఫిర్యాదు నంబరుతో ఆయనకి పంపు. పెద్ద బ్యాంకుల్లో ఫిర్యాదుని తిరస్కరించే ముందు వాళ్ల అంతర్గత అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదుల్ని మరోసారి విడిగా పరిశీలించే అధికారి) చూపించాలన్న నియమం ఉంది. "అంతర్గత అంబుడ్స్‌మన్ పరిశీలించారా?" అని ఒక్క ప్రశ్న వెయ్యి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. సీఎంఎస్.ఆర్‌బీఐ.ఆర్గ్.ఇన్ పోర్టల్‌లో పెట్టాలి. సందేహాలకి 14448 నంబరు ఉంది. ఇక్కడ ఫిర్యాదులు తిరిగొచ్చేది ఎక్కువగా తొందరపాటు వల్లే. బ్యాంకుకి ముందు రాయకుండా, లేదా రాసి 30 రోజులు కాకుండానే పెడితే తీసుకోరు. బ్యాంకుకి ఇచ్చిన ఫిర్యాదు ప్రతి, దాని నంబరు, వాళ్ల జవాబు, స్టేట్‌మెంట్ జతచెయ్యాలి. ఇదే విషయం కోర్టులో నడుస్తున్నా తీసుకోరు. అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడానికీ ఒక ఆఖరి గడువుంటుంది. పోర్టల్‌లో ఆ రోజుకి అమల్లో ఉన్న నిబంధన చదివి, ఆలస్యం చెయ్యకుండా పెట్టు.

ఇంకోటి అడగడం మరిచావేమో. ఆ పదివేలు లేకపోవడం వల్ల నీ వాయిదా చెక్కు గానీ, మ్యాండేట్ గానీ తిరిగిపోయిందా? కనీస నిల్వ లేదని రుసుము వేశారా? అలాంటివి ఉంటే అదే ఉత్తరంలో ఒక్కొక్కటీ తేదీ, మొత్తం వేసి వేరుగా అడుగు. వాటిని రోజుకి వందలో కలిపెయ్యకు, అది ఆలస్యానికి, ఇది నష్టానికి. వాయిదా తప్పినట్టు క్రెడిట్ రిపోర్టులో ఎక్కితే దిద్దమని, ఆ రిపోర్టు తయారుచేసే క్రెడిట్ బ్యూరోకి ఫిర్యాదు పెట్టు. 30 రోజుల్లో తేల్చకపోతే అక్కడా రోజుకి 100 రూపాయల పరిహారం ఉంది, 2024 ఏప్రిల్ నుంచి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి, కనపడిన మొదటి నంబరుకి ఫోన్ చెయ్యకు. కార్డు వెనక ఉన్న నంబరే నమ్ము. "పరిహారం వేస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే అది దొంగతనమే. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. అలా ఇప్పటికే ఏదైనా పోయి ఉంటే, ఈ ఉత్తరంలోని లెక్కలేవీ దానికి పనికిరావు. క్షణం ఆగకుండా బ్యాంకుకీ, సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కీ చెప్పాలి.

ఫిర్యాదు రాసి పంపేముందు ఒకసారి ఫొటో తీసి నాకు పెట్టు. తేదీలు నేనూ లెక్కపెడతాను.

ఇట్లు,
పెదనాన్న