ఇంట్లో స్పానిష్ విని పెరిగిన పిల్లలకు మొదటి వారం
మేడమ్, మీ టెక్సస్ స్పానిష్ తరగతిలో పిల్లలు పేరు, ఊరు చెప్పి మౌనంగా ఉండిపోతున్నారన్నారు. ఇంట్లో రోజూ స్పానిష్ వినేవాళ్లే కదా, వాళ్లది భాష రాకపోవడం కాదు, తప్పుపడతారన్న భయం. పరిచయ ప్రశ్నలు మానేసి తమాలెస్ గురించి అడగండి, అదే మొక్కజొన్న పిండి ముద్దను చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం. మెక్సికో ఇళ్లలో ఎక్కువగా ఎండిన మొక్కజొన్న పొత్తుల తొడుగుల్లో చుడతారు, నికరాగువా వాళ్లు అరటాకుల్లో. మీ ఇంట్లో ఎలా? పిండి ఎవరు కలుపుతారు? నలుగురేసి కూర్చోబెట్టి ఇంతే అడగండి, వాదన దానంతటదే మొదలవుతుంది. మధ్యలో ఇంగ్లీషు దొర్లినా దయచేసి సరిదిద్దకండి.

మర్నాటికి అమ్మమ్మ నోట వినే సామెత ఒకటి తెమ్మనండి. శుక్రవారం 54 బొమ్మల లోతేరియా ఆడించండి, అది ఒకరు బొమ్మ ముక్క తీసి పేరు పిలిస్తే మిగతావాళ్లు తమ పలకపై గుర్తు పెట్టుకునే, తంబోలా లాంటి ఆట. ముక్కలు పిలిచే పని బెరుకు పిల్లలకివ్వండి. బొమ్మ కింద పేరు రాసే ఉంటుంది కనుక తడబడరు.