బ్యాంకాక్ టూరులో నాలుగు రకాలుగా నష్టపోయాం, కేసు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. హైదరాబాద్‌లోని ఒక టూర్ కంపెనీకి రూ.2.60 లక్షలు కట్టి నలుగురం బ్యాంకాక్ వెళ్లాం. మా బ్యాగుల్లో ఒకటి మూడో రోజుకు గానీ రాలేదు. హోటల్ సుఖుమ్‌విత్‌లో, మెట్రో స్టేషన్ పక్కనే అని చెప్పి, డాన్ మువాంగ్ ఎయిర్‌పోర్టు వైపు ఎక్కడో దించారు. గ్రాండ్ ప్యాలెస్ దగ్గర ‘ఈరోజు మూసేశారు’ అని ఒక టుక్‌టుక్ డ్రైవరు మమ్మల్ని రత్నాల షాపుకు తీసుకెళ్లాడు. అక్కడ కార్డు మీద 38 వేల బాత్‌లకు నీలం కొన్నాం. ఇక్కడ చూపిస్తే అందులో పదో వంతు కూడా చేయదన్నారు. శనివారం చాతుచక్ మార్కెట్‌లో నా భార్య పాస్‌పోర్టు పోయింది. ఎంబసీ ఇచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో, మళ్లీ టికెట్లు కొనుక్కుని ఆలస్యంగా వచ్చాం. ఇప్పుడేమో ఆ పాస్‌పోర్టు దొరికిందని హోటల్ వాళ్లు మెసేజ్ పెట్టారు. తెప్పించుకుని వాడుకోవచ్చా? మొత్తం నష్టం టూర్ కంపెనీ నుంచి రాబట్టొచ్చా? కేసు బ్యాంకాక్‌లో వేయాలా?

జవాబు: బ్యాంకాక్ వెళ్లాల్సిన పని లేదు. అయితే మొత్తం నష్టాన్ని టూర్ కంపెనీ నెత్తిన వేయడం మాత్రం కుదరదు. మీ నాలుగు కష్టాలకు బాధ్యులు నలుగురు. అన్నీ కలిపి ఒకే నోటీసు ఇస్తే బలంగా ఉన్న హోటల్ విషయం కూడా పలచబడిపోతుంది.

ముందు బ్యాగు సంగతి, ఎందుకంటే దానికి గడువు దగ్గర పడింది. బ్యాగు చేతికొచ్చి 12 రోజులైందని రాశారు. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం మన విమాన రవాణా చట్టంలో భాగం. దాని ప్రకారం బ్యాగు ఆలస్యమైతే, అది మీకు అందిన రోజు నుంచి 21 రోజుల్లోపు ఎయిర్‌లైన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. బ్యాగు దెబ్బతింటే ఆ గడువు 7 రోజులే. గడువు దాటితే దావా వేసే హక్కే పోతుంది. సువర్ణభూమి ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో ఇచ్చిన రిపోర్టు సరిపోతుందని ధీమాగా ఉండకండి. దాని నంబరు, బోర్డింగ్ పాస్, బ్యాగు ట్యాగు, ఆ మూడు రోజుల్లో కొన్న బట్టలు, మందుల బిల్లులు జతచేసి ఈరోజే ఈమెయిల్ పంపండి.

ఎంత వస్తుందంటే, 2024 డిసెంబర్ 28 నుంచి ఒప్పందంలోని గరిష్ఠ పరిమితి ప్రయాణికుడికి 1519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క యూనిట్లు), మన డబ్బుల్లో లక్షన్నర పైమాటే. అది పరిమితి మాత్రమే, ఆలస్యమైన ప్రతివారికీ ఇచ్చే మొత్తం కాదు. మీరు నిజంగా పెట్టిన అదనపు ఖర్చు చూపాలి. మీ కేసులో అది ఏడెనిమిది వేలు దాటకపోవచ్చు. ఎయిర్‌లైన్ స్పందించకపోతే దావా వేయడానికి రెండేళ్ల గడువుంది. మీది రానూపోనూ టికెట్ కాబట్టి చట్టం దృష్టిలో మీ గమ్యస్థానం హైదరాబాదే. అందుకే ఎయిర్‌లైన్ విదేశీదైనా ఇక్కడే వేయొచ్చు.

ఇక హోటల్. మీ అసలు కేసు ఇదే. కంపెనీ చెప్పబోయే మొదటి మాట నాకు తెలుసు: ‘మేం ఏజెంట్లం మాత్రమే, తప్పు బ్యాంకాక్‌లోని లోకల్ ఆపరేటర్‌ది.’ మీరు డబ్బు కట్టింది ఎవరికి? రసీదు ఇచ్చింది ఎవరు? ఇంకో ఆధారం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మినవారు కొనేవారి నుంచి టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) వసూలు చేసి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. ఒట్టి విమాన టికెట్ అమ్మితే అది ఉండదు. మీ పేరున జమైన పన్నులు చూపే ఆదాయపు పన్ను స్టేట్‌మెంట్‌లో (26ఏఎస్) ఆ కంపెనీ పేరుతో టీసీఎస్ కనిపిస్తే, ప్యాకేజీ అమ్మింది తామేనని ప్రభుత్వానికి వాళ్లే చెప్పుకున్నట్టు. ఆ సొమ్మును రిటర్నులో సర్దుబాటు చేసుకోవడం కూడా మరచిపోకండి.

వాళ్ల రెండో మాట, ‘షరతుల్లో హైదరాబాద్ కోర్టులకే పరిధి అని ఉంది’ అని. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కంపెనీ అచ్చువేసుకున్న షరతు ఆ హక్కును తీసేయలేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

మూడో మాట మాత్రం కాస్త చిక్కే. మీరు పంపిన బ్రోషర్‌లో హోటల్ పేరు కింద చిన్న అక్షరాల్లో ‘లేదా అదే స్థాయి హోటల్’ అని ఉంది. దించింది కూడా త్రీ స్టారే అయితే వాళ్లు దాన్నే పట్టుకుంటారు. మీ జవాబు వాట్సాప్‌లో ఉంది: ‘పిల్లలతో మెట్రోకు నడిచి వెళ్లగలమా’ అని మీరు అడగడం, ‘ఐదు నిమిషాలే’ అని వాళ్ల ఉద్యోగి చెప్పడం. ఆ చాట్ ఉన్న ఫోన్ మార్చకండి. మొత్తం ప్యాకేజీ సొమ్ము వెనక్కి ఇవ్వాలని అడగొద్దు. విమానం ఎక్కారు, భోజనం చేశారు, ఊరు చూశారు. అలా అడిగితే మీ మీద నమ్మకం పోతుంది. రెండు హోటళ్ల అద్దెల మధ్య తేడా, ఆ ట్రాఫిక్‌లో రోజూ పెట్టిన క్యాబ్ ఖర్చు (గ్రాబ్ యాప్‌లో పాత రసీదులు ఉంటాయి), ఇబ్బందికి న్యాయమైన పరిహారం, ఖర్చులు అడగండి. ముందు 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఒకసారి చెప్పి చూడండి, కొన్ని కంపెనీలు ఆ దశలోనే దిగివస్తాయి.

పాస్‌పోర్టు పోవడం టూర్ కంపెనీ తప్పు కాదు. దానివల్ల అదనంగా ఉన్న రెండు రోజుల గది అద్దె, కొత్త టికెట్ల ఖర్చు వాళ్లు ఇవ్వనక్కర్లేదు. ప్యాకేజీలో ట్రావెల్ ఇన్సూరెన్స్ కలిపారేమో వెతకండి, టెన్షన్‌లో ఆ కాగితం ఎవరూ చదవరు. అక్కడి పోలీసు రిపోర్టు ఉంటే పాస్‌పోర్టు ఖర్చులు సాధారణంగా వస్తాయి. టికెట్ల డబ్బు మాత్రం పాలసీ షరతులను బట్టి ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీ తిరస్కరించినా, ఫిర్యాదుకు నెలలోపు జవాబివ్వకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాసుకోవచ్చు.

దొరికిన పాస్‌పోర్టును మాత్రం వాడకండి. పోయిందని రిపోర్టు ఇచ్చాక అది పనికిరాదు. దానితో ఎయిర్‌పోర్టుకు వెళ్తే ఇమిగ్రేషన్ దగ్గరే ఆపేస్తారు. పోయినట్టు చూపి రీ-ఇష్యూకు దరఖాస్తు చేయండి, పాతది దొరికిందన్న సంగతి దాచకుండా చెప్పండి. తప్పుడు సమాచారంతో పాస్‌పోర్టు పొందితే రెండేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

చివరగా నీలం. గ్రాండ్ ప్యాలెస్ దగ్గర ఈ ‘మూసేశారు’ మోసం చాలా పాతది. ఇక్కడ ఆ షాపు మీద కేసు గెలిచినా లాభం లేదు. థాయ్ కోర్టులు విదేశీ తీర్పును నేరుగా అమలు చేయవు, అక్కడ మళ్లీ దావా వేయాల్సిందే. మిగిలింది కార్డు ఇచ్చిన బ్యాంకు. కానీ ‘మూడు రోజుల్లో చెబితే డబ్బు వెనక్కి’ అనే రిజర్వ్ బ్యాంక్ నిబంధన మీకు తెలియకుండా జరిగిన లావాదేవీలకే. మీరే పిన్ కొట్టారు కాబట్టి మీది చెప్పిన వస్తువు ఒకటి, ఇచ్చింది ఒకటి అనే డిస్ప్యూట్ (లావాదేవీపై బ్యాంకుకు ఇచ్చే అభ్యంతరం) అవుతుంది. జెమ్ ల్యాబ్ సర్టిఫికెట్, షాపు బిల్లు కావాలి.

అయితే ఆ డిస్ప్యూట్ దరఖాస్తు బ్యాంకుకు పంపే ముందు ఒక్క నిమిషం ఆగండి. శంషాబాద్‌లో కస్టమ్స్‌కు ఏమీ చెప్పకుండా గ్రీన్ ఛానెల్ (సుంకం కట్టాల్సిన వస్తువులు లేనివారి దారి) నుంచి వచ్చేశామని మీరే రాశారు. 38 వేల బాత్‌లంటే సుమారు లక్ష రూపాయలు, ఒకరికి సుంకం లేకుండా అనుమతించే విలువకు మించినది. బ్యాంకుకు ఇచ్చే కాగితంలో మీరు ఆ కొనుగోలు విలువను సంతకం పెట్టి ఒప్పుకుంటారు. ఈ ఒక్క విషయానికి మాత్రం బిల్లు తీసుకుని, కస్టమ్స్ వ్యవహారాలు చూసే న్యాయవాదిని నేరుగా కలిశాకే దరఖాస్తు పంపండి.